తెలుగు అక్షరాన్ని యూనికోడ్‌లో చేర్చాలంటే ఏం చేయాలి?

మీ చేతిలో ఒక పాత శాసనం నకలో, కరణాల కాలంనాటి లెక్కల కాగితమో ఉందనుకోండి. అందులో ఒక గుర్తు కనిపిస్తోంది. టైపు చేద్దామంటే ఫోన్‌లో లేదు, కంప్యూటర్‌లో లేదు, ఏ ఫాంటులోనూ లేదు. ఆ గుర్తును అందరి ఫోన్లలోకీ తీసుకురావడానికి ఒక దారి ఉంది: దాన్ని చేర్చమని యూనికోడ్ సంస్థకు ప్రతిపాదన రాసి పంపడం. ఆ దారిన వెళ్లడానికి పెద్ద ఉద్యోగం, కంపెనీ అండ, సభ్యత్వం ఏవీ అక్కర్లేదు. తెలుగువాళ్లు కొందరు ఇప్పటికే వెళ్లి పని సాధించుకొచ్చారు. కావాల్సిందల్లా గట్టి ఆధారాలు, బోలెడంత ఓపిక.

ముందు యూనికోడ్ అనే ఈ ప్రమాణం మనకెందుకో చూద్దాం. 2000 తర్వాతి తొలి ఏళ్లలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు చదివినవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. అది దించుకోకపోతే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యల మీదే తెలుగు బొమ్మలు అంటించేవి. దాంతో కంప్యూటర్‌కు అది తెలుగని తెలిసేదే కాదు. వెతికితే దొరికేది కాదు, మెయిల్‌లో పంపితే అవతలివాళ్లకు కనిపించేది కాదు. ఆ రాతను మార్చి చూపించడానికి ‘పద్మ’ లాంటి సాధనాలు పుట్టాయి. ఈ రోజుకీ డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టిన పెళ్లి పత్రికలోని మాటల్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అదే గందరగోళం.

యూనికోడ్ ప్రతి అక్షరానికీ ఒక శాశ్వత సంఖ్య ఇస్తుంది. ‘క’ సంఖ్య అనకాపల్లిలో ఎంతో డల్లాస్‌లోనూ అంతే. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలవడానికీ, ‘లేఖిని’ లాంటి టైపింగ్ పరికరాలు రావడానికీ, గూగుల్‌లో తెలుగు మాట వెతికితే దొరకడానికీ ఆధారం ఆ సంఖ్యలే. ఆ పట్టికలో లేని అక్షరం కంప్యూటర్ లెక్కలో బొమ్మ మాత్రమే. దాన్ని వెతకలేం, అకారాది క్రమంలో పెట్టలేం, చూపులేనివారికి చదివి వినిపించలేం.

యూనికోడ్ కన్సార్టియం 1991లో కాలిఫోర్నియాలో ఏర్పడింది. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు అందులో ఓటున్న సభ్యులు. దానికి సమాంతరంగా ఐఎస్ఓ, ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థలు కలిసి నడిపే 10646 అనే ప్రమాణం ఉంది. అక్కడ ఓటు వేసేవి దేశాలు. 1993 నుంచి ఈ రెండు పట్టికలూ ఒకేలా ఉండేలా చూసుకుంటున్నారు. అందుకే మీ అక్షరం కంపెనీల బల్ల, దేశాల బల్ల రెండూ దాటాలి.

ముందు పట్టిక చూడండి

యూనికోడ్ వెబ్‌సైట్‌లో ప్రతి లిపికీ పట్టిక పీడీఎఫ్‌గా దొరుకుతుంది. తెలుగుకు కేటాయించిన గళ్లు 128. 1991లో 80 అక్షరాలతో మొదలైంది. అప్పటి వరుస మన దేశపు ఇస్కీ అనే పాత ప్రమాణం నుంచి వచ్చింది. ఆ తర్వాత పెరిగినవన్నీ ఎవరో ఒకరు పట్టుబట్టి చేర్పించినవే. 2008లో ఒకేసారి 13 వచ్చాయి: అవగ్రహం, దంత్య ఉచ్చారణ చూపే ౘ, ౙలు, కరణాలు వాడిన భిన్నాంకాలు, ధాన్యం కొలతైన తూము గుర్తు ౿, ఇంకా రెండు గుణింతపు గుర్తులు. 2014లో తొలి తెలుగు శాసనాల్లో కనిపించే ఴ, 2015లో ౚ చేరాయి. 2019లో రాత మొదట్లో పెట్టే సిద్ధం గుర్తు ౷, 2021లో నకార పొల్లు ౝ, అక్షరం కింద పెట్టే చుక్క అయిన నుక్తా వచ్చాయి. ఇప్పటికి నూటికి పైగా గళ్లు నిండాయి.

మీ గుర్తు తెలుగు పట్టికలో లేకపోయినా ఇంకోచోట ఉండొచ్చు. పద్యాల చివర పెట్టే దండాలు ।, ॥ కోసం తెలుగు గళ్లలో ఎంత వెతికినా దొరకవు. అవి దేవనాగరి పట్టికలో ఉన్నాయి, భారతీయ లిపులన్నీ వాటినే వాడుకుంటాయి. ఉదాత్తం, అనుదాత్తం లాంటి వేద స్వర చిహ్నాలూ అంతే. వాటికోసం కొత్త ప్రతిపాదన రాస్తే మీ శ్రమ వృథా. అలాగే యూనికోడ్ రాబోయే సంచికలకు, అంటే వెర్షన్లకు, ఇప్పటికే ఒప్పుకున్న అక్షరాల జాబితా, ఒప్పుకోని వాటి జాబితా రెండూ ఆ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. తిరస్కరించిన వాటికి కారణాలు కూడా రాసి ఉంటాయి. అవి తప్పకుండా చదవండి.

అది అక్షరమా, రూపమా తేల్చుకోండి

ఎక్కువ ప్రతిపాదనలు ఆగిపోయేది ఇక్కడే. యూనికోడ్ అక్షరానికి సంఖ్య ఇస్తుంది, దాని ఆకారానికి ఇవ్వదు. ‘క్ష’ తెలుగు బళ్లలో అక్షరమాల చివర విడిగా నేర్పిస్తారు. అయినా దానికి విడి సంఖ్య లేదు. క, పొల్లు, ష అనే మూడు సంఖ్యల వరుస అది, కలిపి చూపించడం ఫాంటు పని. మన ఒత్తులన్నీ ఇలాగే పనిచేస్తాయి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది కూడా మధ్యలో ఉన్న కంటికి కనిపించని ఒక గుర్తే. అందుకే “ఈ ఒత్తు నా ఫాంటులో సరిగా రావట్లేదు” అన్నది ఫాంటు చేసినవాళ్లకు చెప్పాల్సిన మాట.

గీత ఎక్కడ గీయాలో తేల్చడం కొన్నిసార్లు కష్టం. పాత పుస్తకాల్లో ‘ర్క’ను క రాసి దాని పక్కన వలపల గిలకతో చూపేవారు. అది వేరే అక్షరమా, రేఫకు ఇంకో రూపమా? నకార పొల్లు విషయంలోనూ ఇదే ప్రశ్న వచ్చింది: పాత అచ్చుపుస్తకాల్లో అచ్చులేని నకారానికి వాడిన ఆ గుర్తు ‘న్’కు పాత వేషమేనా, విడిగా సంఖ్య ఇవ్వాల్సినదా? చివరికి విడి సంఖ్యే ఇచ్చారు, పైగా దాన్ని అక్షరంగానే వర్గీకరించారు. ఇలాంటి సందర్భంలో మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఒకే పుటలో, ఒకే రచయిత రెండు రూపాలనూ వేర్వేరు పనులకు వాడాడా? వాడినట్టు చూపగలిగితే సగం వాదన గెలిచినట్టే. చూపలేకపోతే ఆ పాత రూపాన్ని మంచి ఫాంటులో పెట్టించడమే సరైన దారి.

మీ కంపెనీ లోగో, మీరే కొత్తగా కనిపెట్టిన గుర్తు, ఒక్కరు మాత్రమే వాడిన చిహ్నం ఇందులోకి రావు. వాటిమీద సమయం పెట్టకండి.

ఆధారాలు పోగేయండి

పనిలో బరువంతా ఇక్కడే ఉంది. మీ ప్రతిపాదనను పరిశీలించే యూనికోడ్ కమిటీలో కూర్చునేవారిలో తెలుగు చదవగలిగేవాళ్లు ఒకరిద్దరు ఉంటే గొప్ప. మీ పాండిత్యాన్ని వాళ్లు కొలవలేరు. వాళ్లు చూసేది బొమ్మలు: ఏ పుస్తకం, ఏ ఏడు, ఏ ముద్రణాలయం, ఎన్నో పుట, ఆ పుటలో ఆ గుర్తు ఎక్కడుంది. ప్రతి బొమ్మలో గుర్తు చుట్టూ ఎర్ర గీత గీయండి. కింద ఆ వాక్యాన్ని రోమన్ లిపిలోకి మార్చి, అర్థం ఇంగ్లిష్‌లో రాయండి.

ఒకే పుస్తకం నుంచి ఇరవై బొమ్మలు పెట్టడం కన్నా, వేర్వేరు కాలాల నుంచి, వేర్వేరు ప్రాంతాల నుంచి, వేర్వేరు చేతుల నుంచి ఐదు పెట్టడం మేలు. ఴ సంగతే చూడండి. అది తమిళ ழకు సాటి అక్షరం. రేనాటి చోళుల శాసనాల్లాంటి తొలి తెలుగు శాసనాల్లో కనిపించి తర్వాత కనుమరుగైంది. శాసనం రాతి మీద మాత్రమే ఉంటే “ఇది ఇప్పుడు ఎవరికి కావాలి?” అని అడుగుతారు. శాసన పాఠాలను పరిశోధకులు తెలుగు లిపిలో అచ్చువేసేటప్పుడు ఆ అక్షరాన్ని ళ నుంచి వేరుచేసి చూపించాల్సి వస్తుందని నిరూపిస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. పాత రాతి ఆధారమూ కావాలి, నేటి అచ్చు అవసరమూ కావాలి.

వెతకడానికి చోట్లకు కొదవలేదు. ఎపిగ్రాఫియా ఇండికా, దక్షిణ భారత శాసనాల సంపుటాలు చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉన్నాయి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రిలోని గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్ల పాత ముద్రణలు ఉన్నాయి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పాత రికార్డులు ఉన్నాయి. ఇవన్నీ ఒక ఎత్తు, ఊళ్లలో ఇళ్ల అటకల మీద ఉన్నవి ఒక ఎత్తు. భిన్నాంకాలు చూడండి: పావు, వీసం అంటూ నాలుగో వంతుల్ని మళ్లీ నాలుగేసి వంతులు చేస్తూ పోయే లెక్క అది. ఒకటి, రెండు, మూడు అనే అంకెలకు ఆ వంతుల్లో ఒక స్థానంలో ఒక రూపం, దాని పక్క స్థానంలో ఇంకో రూపం. అందుకే యూనికోడ్‌లో వాటికి రెండు వరుసలు వచ్చాయి. ఇది బడి పుస్తకాల్లో లేదు, వాడిన కాగితాల్లోనే ఉంది. మీ ఇంట్లో అలాంటి దస్తరం ఉంటే చెదలు పట్టకముందే మంచి వెలుతురులో ఫోటోలు తీయండి. ప్రతిపాదన రాసినా రాయకపోయినా ఆ పని ఈ వారమే చేయండి.

ఒక జాగ్రత్త. మీరు గీసిన బొమ్మ ఆధారం కాదు. ఒక వ్యాసంలో ఇంకొకరు గీసినదీ కాదు. అసలు రాత కనిపించాలి.

ప్రతిపాదన రాయండి

పత్రం ఇంగ్లిష్‌లో ఉండాలి. పెద్దగా ఉండక్కర్లేదు, ఒకట్రెండు అక్షరాలకు పదీ పదిహేను పుటలు చాలు. ఇప్పటికే ఆమోదం పొందిన తెలుగు ప్రతిపాదనలన్నీ కన్సార్టియం పత్రాల జాబితాలో ఎవరైనా చదువుకునేలా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ముందు పెట్టుకుని అదే క్రమంలో రాయడం తేలిక. ప్రశ్నలకు జవాబులు నింపే సారాంశ ఫారం ఒకటి జతచేసే ఆనవాయితీ ఉంది.

పత్రంలో అక్షరానికి మీరు కోరే పేరు, గడి, దాని లక్షణాలు ఇవ్వాలి. లక్షణాలంటే కంప్యూటర్ దాన్ని ఎలా చూడాలన్నది: ఇది అక్షరమా, అంకెనా, పక్క అక్షరం మీద ఎక్కే గుర్తా? అంకె అయితే విలువెంత? అకారాది క్రమంలో దేని తర్వాత రావాలి? చివరి ప్రశ్నను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, కానీ నిఘంటువులు చేసేవారికి అదే ప్రాణం. పట్టికలో అచ్చు వేయడానికి ఆ అక్షరం ఉన్న ఫాంటు కూడా, వాడుకునే అనుమతితో సహా, ఇవ్వాల్సి ఉంటుంది. ఫాంట్లు చేయడం రాకపోతే తెలిసినవారి సాయం అడగండి.

పేరు దగ్గర మాత్రం తొందరపడొద్దు. యూనికోడ్‌లో ఒకసారి ఎక్కిన సంఖ్య మారదు, పేరు మారదు, అక్షరం తొలగించరు. 1996లో కొరియన్ అక్షరాల గళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చారు. దానివల్ల పాత ఫైళ్లు చెడిపోయే చిక్కు చూశాక, ఇకమీదట ఏదీ కదిలించకూడదని నిబంధన పెట్టుకున్నారు. ఆ నిబంధన ఎంత గట్టిదంటే, ఒక గుర్తు పేరులో బ్రాకెట్ అనే మాట అక్షరాలు తారుమారై అచ్చయితే, అదీ అలాగే ఉండిపోయింది. మన పట్టికలోనూ ఒకటుంది. మన అరసున్న ఁ అధికారిక పేరు చంద్రబిందువు. తర్వాత సంస్కృత, ప్రాకృత పాఠాల కోసం అక్షరం నెత్తిన పెట్టే అసలు చంద్రబిందువును 2014లో చేర్చాల్సి వచ్చినప్పుడు ఆ పేరు ఖాళీగా లేదు. దానికి “పైన చేరే చంద్రబిందువు” అనే అర్థం వచ్చేలా ఇంకో పేరు పెట్టారు. ముప్పై ఏళ్ల నాటి ఫైలు ఈ రోజుకీ తెరుచుకుంటోందంటే ఈ మొండితనం వల్లే. నాకు అది సరైన నిర్ణయమనే అనిపిస్తుంది.

పంపే ముందు మనవాళ్లకు చూపించండి

అమెరికాలోని బర్కిలీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన స్క్రిప్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్ అనే ప్రాజెక్టు కొత్తగా ప్రతిపాదనలు రాసేవారికి దారి చూపిస్తుంది. వాళ్లకు ముసాయిదా పంపితే లోపాలు ముందే తెలుస్తాయి. అంతకన్నా ముఖ్యం భాషవాళ్లు. శాసన పరిశోధకులు, ఫాంట్లు చేసేవాళ్లు, వికీపీడియన్లు, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, అందరికీ చూపించండి. అభ్యంతరాలు ఇంట్లోనే తేలిపోవాలి.

అలా తేలకపోతే ఏమవుతుందో 2010లో గ్రంథ లిపి విషయంలో చూశాం. సంస్కృతం రాయడానికి తమిళనాట వాడిన ఆ లిపి పట్టికలో తమిళానికి ప్రత్యేకమైన ఐదు అక్షరాలు కూడా చేర్చాలన్న ప్రతిపాదన వచ్చింది. తమిళ సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి. తమిళనాడు ప్రభుత్వం కలగజేసుకుని ఆపమని కేంద్రాన్ని కోరింది. చివరికి ఆ ఐదూ లేకుండా 2014లో గ్రంథ లిపి ప్రమాణంలో చేరింది. భాషవాళ్లకు అనుమానం ఉన్నంతకాలం కమిటీ ముందుకు కదలదు. అలా కదలకపోవడమే న్యాయం కూడా.

పంపండి, ఆగండి, సరిదిద్దండి

పత్రం అందగానే దానికి ఏడాదితో కూడిన ఒక వరుస సంఖ్య ఇచ్చి బహిరంగంగా పెడతారు. లిపుల మీద పనిచేసే బృందం దాన్ని చదివి వ్యాఖ్యలు రాస్తుంది. “మూడో బొమ్మలో ఉన్నది నిజంగా ఇదే అక్షరమా?”, “ఫలానా అక్షరంతో కలిస్తే ఎలా ఉంటుంది?” లాంటి ప్రశ్నలు వస్తాయి. టెన్షన్ పడకండి. ప్రశ్నలు వచ్చాయంటే పత్రాన్ని శ్రద్ధగా చదివారని అర్థం. చాలా ప్రతిపాదనలు రెండు మూడుసార్లు సవరించాకే గట్టెక్కాయి. ప్రతి ప్రశ్నకూ జవాబు పత్రంలోనే చేర్చి, కొత్త తేదీతో మళ్లీ పంపండి.

ఆ బృందం సిఫారసు చేస్తే యూనికోడ్ సాంకేతిక కమిటీ ముందుకు వెళ్తుంది. అది ఏడాదికి నాలుగుసార్లు సమావేశమవుతుంది. కొత్త సంచిక మామూలుగా ఏడాదికి ఒకసారి వస్తుంది. మొత్తానికి రెండేళ్లకు తక్కువ అనుకోకండి. దీనికి పేరున్న మినహాయింపు మన రూపాయి గుర్తే. ఉదయకుమార్ గీసిన ₹ను కేంద్ర ప్రభుత్వం 2010 జూలై 15న ప్రకటించింది, అక్టోబర్‌లో వచ్చిన యూనికోడ్ 6.0లో అది ఉంది. ఒక దేశపు కరెన్సీ గుర్తు, ప్రభుత్వం స్వయంగా అడిగింది, రేపటి నుంచే అందరికీ కావాలి. అంత వేగం శాసనాక్షరానికి ఆశించలేం.

దేశాల బల్ల దగ్గర

ఐఎస్ఓ వైపు మన దేశం తరఫున మాట్లాడేది బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్, అంటే బంగారం మీద హాల్‌మార్క్ వేయించే బీఐఎస్సే. ఐఎస్ఓ తుది ముసాయిదాల ఓటింగ్‌లో ఓటు వేసిన పూర్తి సభ్య దేశాల్లో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి, మొత్తం ఓట్లలో నాలుగో వంతుకు మించి వ్యతిరేకత ఉండకూడదు. వద్దన్న దేశం సాంకేతిక కారణం రాయాలి. బీఐఎస్‌లో భారతీయ భాషల సాంకేతికత చూసే కమిటీ ఉంది. బీఐఎస్ ముసాయిదాలను ప్రజల అభిప్రాయాలకు పెడుతుంది, ఎవరైనా రాయొచ్చు. తెలుగువాళ్లం ఈ తలుపు తట్టడం బాగా తక్కువ, అది మారాలి.

ఈ తలుపు అక్షరాలకే పరిమితం కాదు. సుగంధ ద్రవ్యాల మీద ఐఎస్ఓ ఉపకమిటీ కార్యాలయ బాధ్యత చూసేది భారతదేశమే. మిరపకాయ ఘాటును స్కోవిల్ సూచికలో కొలిచే పద్ధతికి 3513 అనే ఐఎస్ఓ ప్రమాణం ఉంది. గుంటూరు మిర్చి ఎగుమతి చేసేవారికి ఆ కొలత ఎలా తీస్తారన్నది డబ్బు సంగతి. వాళ్లూ ఇదే దారిలో తమ అభిప్రాయం చెప్పొచ్చు.

ఆమోదం తర్వాతే అసలు తిరుగుడు

సంఖ్య రాగానే అక్షరం ఫోన్‌లోకి వచ్చేయదు. ఫాంటులో దాని బొమ్మ ఉండాలి. అక్షరాలను కలిపి చూపించే సాఫ్ట్‌వేర్‌కు దాని నడత తెలియాలి. కీబోర్డులో దానికో చోటు కావాలి. ఒక్కోటీ ఒక్కో బృందం చేతిలో ఉంటుంది, ఒక్కోదానికీ ఏళ్లు పట్టొచ్చు.

ప్రమాణం సరిగ్గా ఉన్నా అమలులో తేడా వస్తే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరమే ప్రపంచానికి చూపింది. ‘జ్ఞా’ను పోలిన ఒక వరుస, మధ్యలో కనిపించని గుర్తుతో సహా, మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లోని యాప్‌లు కూలిపోయేవి. వరుసలోని సంఖ్యలన్నీ ప్రమాణం ఒప్పుకున్నవే, తప్పు వాటిని బొమ్మగా మార్చే చోట జరిగింది. ఆపిల్ అదే నెలలో సవరణ విడుదల చేసింది. మన దేశంలో అమ్మే మొబైళ్లు 22 భారతీయ భాషల్లోనూ మెసేజ్ చదవనిచ్చేలా ఉండాలని చెప్పే ఐఎస్ 16333 మూడో భాగం లాంటి దేశీయ ప్రమాణాలు ఉన్నది కూడా అమలు కోసమే.

కాబట్టి అక్షరం చేరిన సంచిక విడుదలవగానే ఒక చిన్న పరీక్ష ఫైలు చేసుకోండి. మీ అక్షరం ఒంటరిగా, ప్రతి గుణింతంతో, కింద ఒత్తుగా, పైన సున్నతో, మధ్యలో పొల్లుతో. దాన్ని ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, లిబ్రే ఆఫీస్‌లలో తెరిచి చూడండి. చుక్కల గుండ్రం కనిపిస్తే అక్షరాలు కలపాల్సిన సాఫ్ట్‌వేర్ దాన్ని ఒప్పుకోవడం లేదన్నమాట, ఖాళీ పెట్టె కనిపిస్తే ఫాంటులో బొమ్మ లేదన్నమాట. నోటో ఫాంట్లు, అక్షరాలను కలిపే హార్ఫ్‌బజ్ రెండూ అందరికీ తెరిచి ఉన్న ప్రాజెక్టులు. అక్కడ ఫిర్యాదు పెట్టేటప్పుడు అక్షరాల వరుస, వచ్చిన బొమ్మ, రావాల్సిన బొమ్మ, ఏ సంచిక సాఫ్ట్‌వేర్ అన్న నాలుగూ ఇవ్వండి. మీ ప్రతిపాదన పత్రం సంఖ్య కూడా జతచేయండి, బాగుచేసేవాళ్లు ఆధారాల కోసం మళ్లీ వెతుక్కోవాల్సిన పని ఉండదు.